ఢిల్లీకి తెలియని నాపరాళ్ళు

ఆ రోజుల్లో వార్తలకి ఒక వేళంటూ ఉండేది. ఇప్పట్లా కళ్ళు తెరిచింది మొదలు చెవుల్లో పోసేవారు కాదు. ఎడ్లు పొలం నుంచి ఇల్లు చేరి, ఆడవాళ్ళు పొయ్యి రాజేసి, మగవాళ్ళు కాళ్ళు కడుక్కుని తుండుగుడ్డ భుజాన వేసుకున్నాక ఊరంతా చావిడి ముందు చేరేది. ఢిల్లీ నుంచి ఎవరో మహానుభావుడు తెలుగులో చెప్పే పది నిమిషాల వార్తలు వినేది. విన్నది అర్థమైందా లేదా అన్నది వేరే సంగతి. నేను ఆ తరవాత చాలా ఏళ్ళు రేడియోలోనే వార్తలు చదివి, జుట్టు నెరిసి, పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎవరైనా ఇంటికొచ్చి "మీరు మొట్టమొదట వార్తలు ఎప్పుడు చదివారండీ?" అని అడిగితే సర్వీసు రిజిస్టరులో ఉన్న తారీఖు చెబుతుంటాను. అది అబద్ధం. (రిజిస్టరు ప్రకారం నిజమే. రిజిస్టర్ల సంగతి మీకు తెలియనిదా!) నేను మొట్టమొదట వార్తలు చదివింది గురజాల దగ్గర ఒక ఊళ్ళో, కిరసనాయిలు పోసే గరాటు మూతికి పెట్టుకుని.

అప్పటికి యుద్ధం ముగిసి ఏడాది కాలేదు. నాకు ఇరవయ్యేళ్ళు. స్కూలు ఫైనలు రెండుసార్లు రాసి, రెండుసార్లూ లెక్కల్లో తప్పి, నరసరావుపేటలో మా మేనమామ ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కాలం గడుపుతున్నాను. నన్ను అరుగు మీద నుంచి లేపడం కోసం ఆయన ఎవరెవరినో బతిమాలి పంచాయతీ రేడియో ఆపరేటరుగా ఉద్యోగం వేయించాడు. పేరు ఎంత గంభీరంగా ఉందో పని అంత తేలిక. సాయంత్రం పెట్టె తాళం తీయాలి, మీట తిప్పాలి, వార్తలూ రైతుల కార్యక్రమం అయిపోయాక మీట కట్టేసి మళ్ళీ తాళం వేయాలి. సెట్టు చావిడి పక్క చిన్న గదిలో ఉండేది. లౌడుస్పీకరు పెట్టెని ఆ గది కిటికీలో బిగించారు. దాని మొహం వీధికి, వీపు నాకు. గదిలోకి నేను తప్ప ఇంకొకరు రాకూడదని రూలు. ఆ రూలుని నేను ప్రాణంతో సమానంగా పాటించేవాణ్ణి. ఎందుకంటే మధ్యాహ్నం పూట తలుపేసుకుని, పెట్టెకి చెవి ఆనించి, సన్నగా పాటలు వినడం నాకొక వ్యసనం.

ఆ ఊరికి కరెంటు రాలేదు. సెట్టు బాటరీ మీద నడిచేది. బాటరీలు రెండు. ఒకటి సెట్టుకి తగిలించి ఉంటే రెండోది నరసరావుపేటలో ఇంజను సాయిబు దగ్గర చార్జింగులో ఉండేది. సాయిబు అక్కడి సినిమా హాల్లో ఇంజను నడిపేవాడు. సాయంత్రం సినిమా ఆడించే ఆ ఇంజనుతోనే పగటిపూట చుట్టుపక్కల ఊళ్ళ బాటరీలన్నిటికీ చార్జి పెట్టేవాడు. స్టేషను వైపు ఏ బండి పోతుంటే ఆ బండిలో బాటరీ ఎక్కించడం, రైలు గార్డుకి అప్పజెప్పడం, మూడో రోజో నాలుగో రోజో అదే దారిన నిండు బాటరీ తిరిగి రావడం, ఇదీ పద్ధతి. పద్ధతి ప్రకారం నేను రోజుకి గంటసేపు రేడియో పెడితే ఏ చిక్కూ లేదు. నేను మధ్యాహ్నాలు కూడా పెట్టాను కదా. ఒక బాటరీ నరసరావుపేటలో ఉండగానే, రెండోది ఒక పాట సగంలో మూలిగి ప్రాణం విడిచింది. అంతకుముందే ఒకసారి ఇలాంటి పని చేసి పంచాయతీ ప్రెసిడెంటుగారి చేత చివాట్లు తిన్నాను. "ఇంకోసారి సాయంత్రం రేడియో పలక్కపోతే పైవాళ్ళకి రాస్తా. మళ్ళీ మీ మేనమామ అరుగే నీకు గతి" అని ఆయన నలుగురిలో అన్నారు. అందుకని మర్నాడు తెల్లవారుతూనే వీధిలో స్టేషను వైపు పోతున్న ఒక బండి కనబడగానే ఆపి, అందులో గడ్డి మధ్య బాటరీని కూర్చోబెట్టి, బండి తోలేవాడికి నాలుగు జాగ్రత్తలు చెప్పి పంపేశాను. అది ఎవరి బండి అని కూడా చూడలేదు. ఇరవయ్యేళ్ళ వయసులో మనిషి అంతవరకే ఆలోచిస్తాడు.

ఆ రోజు మధ్యాహ్నం పంతులుగారు నా గదికి వచ్చారు. ఆయనకి రూలు గుర్తుచేసే ధైర్యం నాకు లేదు. ఆయన సంగతి చెప్పాలి. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బడి ఆయనది. క్రైస్తవులు. ఇరవయ్యేళ్ళ కిందట ఆ ఊరొచ్చి, మట్టిగోడలు లేపి, పైన బోదగడ్డి కప్పి, ఊరవతలి పల్లె పిల్లల్నీ సాయిబుల పిల్లల్నీ మోతుబరుల పిల్లల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చదువు చెబుతున్నారు. (ఆ ఒకే చాప కోసం ఆయన మొదటి రెండేళ్ళూ పడ్డ తిట్లు ఊళ్ళో అందరికీ గుర్తే. ఆ ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు, సిగ్గుపడి.) నెల కిందట వచ్చిన గాలివానకి ఆ కప్పు లేచిపోయింది. సగం పక్క చేలో పడింది, సగం ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు. పిల్లలు ఎండలో కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. బళ్ళ ఇనస్పెక్టరుగారు అంతకుముందే రెండుసార్లు హెచ్చరించారట, గడ్డి కప్పు పనికిరాదని. ఇంకో పదిరోజుల్లో మళ్ళీ వస్తున్నారు. గట్టి కప్పు లేకపోతే బడికి గుర్తింపు తీసేస్తారు. గుర్తింపు పోతే బడి మూతపడుతుంది, పిల్లలు వాగు దాటి మూడు మైళ్ళు నడవాలి. మోతుబరుల పిల్లలు బండ్లెక్కి పోతారు. పల్లె పిల్లల్ని అక్కడి బడిలో చాప మీదికి రానివ్వరు. అంతే సంగతి.

"ఊరంతా అడిగానయ్యా" అన్నారు పంతులుగారు, నా కుర్చీలో కూర్చుని. "అందరూ పక్కవాడు ఇస్తే మేమూ ఇస్తామంటన్నారు. ఆ పక్కవాడు ఎవడో దొరకటం లేదు."

"రాళ్ళ తాతని అడగలేదా?" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపులో, ఇరవయ్యేళ్ళ వాడికి బుద్ధి ఎప్పుడొస్తుందా అన్న ప్రశ్న ఉంది. రాళ్ళ తాత దొడ్లో నాపరాళ్ళ గుట్ట ఉండేది. పలనాట్లో నాపరాళ్ళకి కొదవేముంది అంటారేమో. నేలలో ఉన్నవాటికి కొదవ లేదు. వాటిని తవ్వి తీసి, అంచులు చెక్కించి, ఇంటి కప్పుకి సరిపడా పలకలుగా పేర్చి పెట్టుకున్నవాడు ఆ ఊళ్ళో తాత ఒక్కడే. ఎప్పుడో మేడ కట్టాలని తీయించాడట. మేస్త్రీతో ఏదో మాటా మాటా వచ్చి పని ఆపేశాడట. ఆ పంతం అలాగే ఉండిపోయింది. తాత మాత్రం గడ్డి కప్పు కింద కాపురం ఉంటూ, రోజూ ఆ గుట్ట ఎక్కి కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. రాళ్ళు అడిగినవాడితో ఆయన జన్మలో మాట్లాడడు. కోవెల కోసం అడిగిన వాళ్ళ కమిటీ మొత్తంతో మాటలు మానేశాడు. దేవుడికే ఇవ్వనివాడు పంతులుగారికి ఇస్తాడా?

పంతులుగారు వెళుతూ వెళుతూ నిన్నటి పత్రిక నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. రైల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చే పత్రిక అది. దాన్ని చూస్తుంటే నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. సాయంత్రం పూట గదిలోకి ఎవరూ రారు. స్పీకరు వీపు నావైపే ఉంది. గొంతు నాకుంది. మూలన పంచాయతీ లాంతర్లకి నూనె పోసే పెద్ద రేకు గరాటు ఉంది.

సాయంత్రం జనం చేరారు. ప్రెసిడెంటుగారు కుర్చీ వేయించుకున్నారు. నేను తలుపు గడియ పెట్టి, గరాటు మూతికి ఆనించి, పెట్టె వీపులోకి "ఢిల్లీ నుంచి తెలుగులో వార్తలు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, గౌరవంగా వినబడింది. బయట చప్పుడు ఆగింది. కిరసనాయిలు వాసనకి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా, గుడ్డ కంట్రోలు సంగతీ, బియ్యం ఓడల సంగతీ, ఇంగ్లండు నుంచి వచ్చిన మంత్రుల సంగతీ పత్రికలోంచి వరసగా చదివేశాను. తీరా చూస్తే ఆరు నిమిషాలకే పత్రిక అయిపోయింది. భయంతో చదివినవాడు తొందరగా చదువుతాడని అప్పటికి నాకు తెలియదు. రోజూ పది నిమిషాలు వినే జనం కదలకుండా కూర్చున్నారు. ఇంకా నాలుగు నిమిషాలు నింపాలి. పత్రికలో మిగిలింది తలనొప్పి మందు ప్రకటన ఒక్కటే. అప్పుడు నా నోరు, నన్ను అడక్కుండానే, ఇలా అంది:

"గుంటూరు జిల్లా పలనాడు ప్రాంతంలో ఒక గ్రామం ఔదార్యానికి ఆదర్శంగా నిలిచింది. గాలివానకు పాఠశాల కప్పు ఎగిరిపోగా, గ్రామ పెద్దలు..." ఇక్కడ రాళ్ళ తాత అసలు పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను. (అది మీకెందుకు లెండి, ఆయన మునిమనవలు మంచి హోదాల్లో ఉన్నారు.) "...తమ దొడ్డిలోని నాపరాళ్ళన్నిటినీ పాఠశాలకు విరాళంగా ప్రకటించారు. ఇంతటితో వార్తలు సమాప్తం."

 బయట ఒక్కసారిగా సంతలో ఉన్నంత గోల. నేను గరాటు మూలన పెట్టి గోడకి ఆనుకుని నిలబడ్డాను.  ఉద్యోగం కాపాడుకోవడానికి మొదలుపెట్టిన పని, ఊళ్ళో ఉండనిస్తారో లేదో అన్న దాకా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే తాత కబురు పంపాడు. వెళ్ళేసరికి ఆయన దొడ్డి నిండా జనం. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి దండాలు పెట్టి పోతున్నారు. తాత గుట్ట మీద కూర్చుని, దండం పెట్టిన ప్రతివాడికీ గంభీరంగా తలాడిస్తున్నాడు. నన్ను చూసి అందరినీ పంపించేశాడు. చుట్ట చివర కొరికి ఉమ్మేసి అడిగాడు.

"ఏరా అబ్బాయ్, రాత్రి రేడియోలో నా పేరు చెప్పారంట. నువ్వు ఇన్నావా?"

"విన్నా తాతా."

"బాగా చెప్పాడా?"

"బాగానే చెప్పాడు తాతా."

"చానా గొప్ప రేడియోరా అది. బాటరీ లేకుండా పలికిద్ది." తాత కిందికి వంగి నా మొహంలోకి చూశాడు. "నిన్న పొద్దున నువ్వు గడ్డిలో పెట్టింది ఎవరి బండిలోరా? నా బండిలో. దాన్ని స్టేషను దాకా వొళ్ళో పెట్టుకుని తీసకపోయింది ఎవురు? నా జీతగాడు. ఆసిడ్ ఒలికి ఆడి పంచకి చిల్లి కూడా పడింది. ఇంక నాకు రేడియో కత చెప్పమాక."

నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను. రాళ్ళ మీద కూర్చున్నవాడి కాళ్ళు నా నెత్తి ఎత్తులో ఉండడంతో ఎలా పడాలో తెలియక, చేతులు జోడించి ఏడుపు మొహం పెట్టాను. "తప్పయిపోయింది తాతా. చావిడి దగ్గరికి పోయి నేనే అందరికీ చెప్పేస్తాను."

"నోరు ముయ్" అన్నాడు తాత. తరవాత ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "మీ మామ్మ ఉందే, నన్ను చేసుకుని నలబై ఏళ్ళు. ఈ రాళ్ళు తీయించిన కాణ్ణించి 'నీ బతుకు రాళ్ళ పాలు' అని తిట్టటమే గాని ఒక మంచి మాట అన్న పాపాన పోలా. రాత్రి ఇంటికి రాంగానే కాళ్ళకి నీళ్ళిచ్చింది. అన్నంలో మీగడ పెరుగు ఏసింది. 'నువ్వు ఇంత మంచోడివని నాకు తెలవకపాయె' అని కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు పోయి అది అబద్దం అని చెప్పమంటావా? మళ్ళా పలచటి మజ్జిగ నువ్వు తాగుతావా, నేను తాగాల్నా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"వార్త నువ్వు చెప్పావు. రాళ్ళు నువ్వు మొయ్యి" అని తాత గుట్ట దిగాడు.

మోశాను. జీతగాడు ఒక కొస, నేను ఒక కొస. నాపరాయి ఎంత బరువుంటుందో రేడియోలో చెప్పినప్పుడు నాకు తెలియదు. మూడు రోజులు చేతులు పైకి లేవలేదు. కానీ ఒక వింత జరిగింది. తాత రాళ్ళు బడి ముందు దిగడం చూశాక, పంతులుగారు నెల్లాళ్ళుగా వెతుకుతున్న ఆ "పక్కవాడు" దొరికినట్టయింది. తాత ఇచ్చాడా, అయితే మేమూ ఇస్తామని ఒకరు సున్నం తోలారు. ప్రెసిడెంటుగారు ఇసక తోలించారు. పల్లెవాళ్ళు గోడలెత్తే పని మీద వేసుకున్నారు. ఈ హడావిడిలో రెండు మూడు సాయంత్రాలు రేడియో పలక్కపోయినా ప్రెసిడెంటుగారు కూడా పట్టించుకోలేదు. అంతలో దుర్గి నుంచి ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చిన రాతిపనివాళ్ళిద్దరు, చూస్తూ కూర్చోలేక ఉలి తీసి, సరిగా లేని రాళ్ళ అంచులు చెక్కిపెట్టి పోయారు. ఇంక కావలసింది దూలాలు. అవి మీసాల మావ దగ్గర ఉన్నాయి. ఆయన రాళ్ళ తాతకి వరసకి బామ్మర్ది, చేలగట్టు దగ్గర శత్రువు. దూలాలు బండ్ల మీద ఎక్కించి, సగం దారిలో ఆపి, "ఇస్తా. కాని నా పేరు కూడా రేడియోలో రావాల. రాళ్ళిచ్చినోడికి ఒక నాయం, దూలాలిచ్చినోడికి ఇంకో నాయమా?" అన్నాడు.

ఆ మరుసటి రోజు నరసరావుపేట నుంచి బాటరీలు వచ్చాయి. సాయంత్రం నిజం రేడియో పలికింది. మీసాల మావ కొత్త తలపాగా చుట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఢిల్లీ ఆయన ఏవేవో దేశాల సంగతులు చెప్పాడు గానీ దూలాల ఊసెత్తలేదు. రెండో రోజూ ఎత్తలేదు. మూడో రోజు మావ లేచి నిలబడి, "తాత ఢిల్లీకి నెయ్యి పంపించుంటాడు" అని ప్రకటించి, దూలాల బండ్లు వెనక్కి తోలించుకుపోయాడు. బడి గోడలు పైకి చూస్తూ నిలబడ్డాయి. ఇనస్పెక్టరు రావడానికి ఇంక నాలుగు రోజులే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పంతులుగారు మళ్ళీ వచ్చారు. చేతిలో కాగితాలు. నాలుగు పేజీలు నిండా, ముత్యాల్లాంటి అక్షరాలు.

"ఢిల్లీ రేడియో వాళ్ళకి కృతజ్ఞత రాశానయ్యా. మన చిన్న ఊరి సంగతి పట్టించుకున్నారు. వాళ్ళు ఆ ఒక్క మాట చెప్పబట్టే గదా ఊరు కదిలింది. కింద మీసాల మావ సంగతి కూడా ఒక ముక్క రాశా. చిరునామా చెబితే సాయంత్రం టపాలో వేస్తా."

ప్రెసిడెంటుగారి చివాట్లకి కూడా నేను అంత బాధపడలేదు. ఆ కాగితాల్లో మొదటి పేజీ మీద "దేవుడు మీకు మేలు చేయుగాక" అని ఉంది. అది చూశాక ఇంక దాచలేకపోయాను. పాటల దగ్గర నుంచి గరాటు దాకా మొత్తం చెప్పేశాను. పంతులుగారు కాగితాలు మడిచి, జేబులో పెట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మూడో తరగతి పిల్లాడు అబద్ధమాడితే బెంచీ ఎక్కిస్తాను" అన్నారు చివరికి. "నువ్వు బెంచీ ఎక్కే వయసు దాటావు."

"క్షమించండి పంతులుగారూ. ఇంకొక్కసారి గరాటులో మీసాల మావ పేరు చెప్పానంటే దూలాలు వస్తాయి. బడి నిలబడుతుంది. ఆ తరవాత మీరేమన్నా సరే."

నిజం చెప్పాలంటే ఆయన కాసేపు ఆలోచించారు. ఆయన బడి అది. ఇరవయ్యేళ్ళ కష్టం.  తరవాత తల అడ్డంగా ఊపారు. "ఆ కప్పు కింద కూర్చుని నిజం చెప్పండ్రా అని పిల్లలతో ఏ మొహం పెట్టుకుని అనను? వద్దయ్యా. సాయంత్రం అందరికీ నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతా. బడి పోతే పోయింది."

ఆ సాయంత్రం ఢిల్లీ వార్తలయ్యాక నేను గరాటు పట్టుకుని బయటికి వచ్చాను. సాక్ష్యం కోసం తెచ్చాను గానీ, ఊరి వాళ్ళ కంటికి అది శిక్ష కోసం తెచ్చుకున్నట్టే కనబడి ఉంటుంది. జరిగింది చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాను. పక్కన పంతులుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాళ్ళ తాత మాత్రం నా వైపు చూసిన చూపుకి పేరు లేదు. (మామ్మ ఆ గుంపులో లేదు. అదొక్కటే నా అదృష్టం.)

ముందుగా లేచింది మీసాల మావ.

"ఉండరా. ఇంతకీ ఢిల్లీ వాడికి తాత రాళ్ళ సంగతి తెలవదంటావా?"

"తెలవదు మావా."

"అసలే తెలవదా?"

"ఈ ఊరు ఉందనే తెలవదు మావా."

"నా దూలాల సంగతి?"

"అదీ తెలవదు."

మీసాల మావ మొహం మెల్లగా విచ్చుకుంది. అంత సంతోషం నేను ఆ మొహంలో ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు. "అయితే ఇద్దరం సమానమే గదంట్రా!" అని తొడ చరిచాడు. "ఆయనా ఢిల్లీకి తెలవనోడే, నేనూ తెలవనోడినే. ఇంకేందీ? రేప్పొద్దున్నే దూలాలు తోలతా!"

జనం గొల్లుమన్నారు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, నా మీద పైవాళ్ళకి రాయక తప్పదన్నారు. అప్పుడు రాళ్ళ తాత చుట్ట నోట్లోంచి తీశాడు. "రాయండి. రాసి ఈణ్ణి పంపించెయ్యండి. మీరు ఇసక తోలిన సంగతి ఇంకెవడన్నా గొట్టంలో చెబుతాడేమో చూద్దాం." ప్రెసిడెంటుగారు ఇసక మాట విని కాస్త మెత్తబడ్డారు. మీసాల మావ నా దగ్గరికి వచ్చి, నలుగురికీ వినబడకుండా, "ఒరేయ్, ఎట్టాగూ గొట్టం చేతిలోనే ఉంది గదా. నా పేరు ఒక్కసారి చెప్పు. ఎట్టా ఉంటదో ఇందాం" అన్నాడు.

చెప్పాను, ఇంటిపేరుతో సహా. ఈసారి అందరి ఎదుటా, నా గొంతుతోనే. మావ కళ్ళు మూసుకుని విన్నాడు.

ఆ రోజు నుంచి ఢిల్లీ వార్తల తరవాత మా ఊరి వార్తలు మొదలయ్యాయి. ఢిల్లీ ఆయన సమాప్తం అనగానే నేను గరాటుతో అరుగెక్కేవాణ్ణి. ముందుగా కాగితం పంతులుగారికి చూపించాలి, అది ఆయన పెట్టిన షరతు. ఆయన ఎర్ర సిరాతో దిద్దేవారు. "దూలాలు ఎక్కాయి అని రాశావు. ఒకటి ఇంకా కిందే ఉంది. మార్చు" అనేవారు. (తరవాత రోజుల్లో పెద్ద పెద్ద ఎడిటర్ల కింద పనిచేశాను. కిందున్న దూలాన్ని చూడడానికి స్వయంగా నడిచి వెళ్ళిన ఎడిటరు మళ్ళీ నాకు తగల్లేదు.) ఈ రోజు సున్నానికి నీళ్ళు మోసిన అమ్మలు ఫలానా ఫలానా, పనివాళ్ళకి జొన్నరొట్టెలు పంపిన ఇల్లు ఫలానా అని చదువుతుంటే జనం ఢిల్లీ వార్తలప్పుడు చుట్టలు కాల్చుకుని, మా వార్తలప్పుడు ఆర్పేసేవారు. తమ పేరు వినాలని కొందరు పని వెతుక్కుంటూ మరీ వచ్చారు. ఒకాయన ఏ పనీ మిగలక, బడి ముందు కుక్కలు రాకుండా కాపలా కూర్చుంటానన్నాడు. అదీ చదివాను. నాలుగో రోజు మధ్యాహ్నానికి చివరి రాయి ఎక్కింది.

సాయంత్రం రైలుకి ఇనస్పెక్టరుగారు దిగారు. పొడుగు కోటు, టోపీ, చేతికర్ర. కర్రతో గోడలు పొడిచి చూశారు. కప్పు చూసి "ఊఁ" అన్నారు. కిటికీలకి తలుపులు లేవన్నారు. గోడల తడి ఆరలేదన్నారు. బోర్డుకి ఒక కాలు పొట్టిగా ఉందన్నారు. "ఆఫీసుకి పోయి ఆలోచించి రాస్తాను. ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేను" అన్నారు. పంతులుగారు చేతులు కట్టుకుని "చిత్తం" అన్నారు.  తిరుగు రైలు మర్నాడు గాని లేదు. అందుకని ఇనస్పెక్టరుగారికి చావిడిలో కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, వార్తలు వినిపించారు.

ఢిల్లీ ఆయన సమాప్తం అన్నాడు. నేను గరాటుతో అరుగెక్కాను. ఇనస్పెక్టరుగారు ఇదేమిటన్నట్టు ప్రెసిడెంటుగారి వైపు చూశారు. కాగితం మీద ఉన్న వార్తలన్నీ చదివాను. పంతులుగారు దిద్దనిది, అప్పటికప్పుడు నా నోటికి వచ్చినది ఒకటి చివర కలిపాను. ఈసారి అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"ఇనస్పెక్టరుగారు ఈ సాయంత్రం మన ఊరు దయచేసి, కొత్త బడిని చూశారు. గోడలు చూశారు, కప్పు చూశారు. మజ్జిగ పుచ్చుకున్నారు. బడికి గుర్తింపు ఉంచారో లేదో, ఈ వార్త చదివే సమయానికి ఇంకా తెలియలేదు."

అని గరాటు దించి నిలబడ్డాను. సమాప్తం అనలేదు. ఒక్కరూ లేవలేదు. రాళ్ళ తాత, మీసాల మావ, నీళ్ళు మోసిన అమ్మలు, రొట్టెలు పంపిన ఇంటివాళ్ళు, పల్లెవాళ్ళు, సాయిబులు, కుక్కలకి కాపలా కూర్చున్నాయన, అందరూ మెడలు తిప్పి కుర్చీలో ఉన్న మనిషిని చూస్తూ కూర్చున్నారు. ఎవరూ బతిమాలలేదు. తరవాతి వార్త ఏమిటా అని వినడానికి కూర్చున్నట్టు కూర్చున్నారు, అంతే. ఇనస్పెక్టరుగారు ఒకసారి దగ్గారు. మజ్జిగ గ్లాసు కిందపెట్టారు. టోపీ సర్దుకున్నారు. ఇంకోసారి దగ్గారు. చివరికి కుర్చీలోంచి లేచి నిలబడి, "ఉంచారని చదవవయ్యా! ఆ గొట్టంలోనే చదువు!" అన్నారు.

చదివాను. ఎంత గట్టిగా చదివానంటే వాగు అవతల ఊరికి కూడా వినబడిందన్నారు. పంతులుగారు గోడ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటూ చాలాసేపు ఉండిపోయారు.

ఆ తరవాత నేను నిజంగానే రేడియోలో చేరాను. దళసరి తలుపుల గదిలో, మెరిసే మైకు ముందు కూర్చుని ఎన్నో వార్తలు చదివాను. రాజ్యాలు మారిన వార్తలు, యుద్ధాల వార్తలు, తుపాన్ల వార్తలు. గొంతు బాగుందని ఉత్తరాలు వచ్చేవి. చదవడం అయ్యాక తలెత్తి చూస్తే అద్దం అవతల ఇంజనీరు మాత్రం చెయ్యి ఊపేవాడు, ఇంక లెమ్మని. అలవాటు చొప్పున ఒక్క క్షణం ఆగేవాణ్ణి, ఎదురుగా ఎవరైనా లేచి నిలబడి జవాబు చెబుతారేమోనని. ఇంజనీరు నవ్వేవాడు, "అయిపోయిందండీ, ఇంకా ఎవరి కోసం చూస్తున్నారు?" అని.